విడిచిన బట్ట – విప్పిన ఉన్ని

మన విద్యావంతుల ఇండ్లలో నేడొక వివాదము వినవచ్చుచున్నది. అమెరికాలోను ఇంగ్లండులోను కాపురమున్న మన ఆడపడుచులు కొందరు అచ్చటి పాతబట్టల అంగళ్లకు పోవుచున్నారు. వానిని అమెరికావారు థ్రిఫ్ట్ స్టోరులందురు, ఇంగ్లండువారు చారిటీ షాపులందురు. వీరచ్చట పరులు విడిచిన ఉన్ని స్వెట్టర్లను కొని, కుట్లు విప్పి, అల్లిక ఊడదీసి, ఆ నూలును ఉదికి ఆరవేసి, దానితో తమ బిడ్డలకు టోపీలు, మేజోళ్లు, చిన్ని చొక్కాలు అల్లుకొనుచున్నారు. ఈ సంగతి ఫోనులో విన్న తల్లిదండ్రులకు ఇచ్చట తలవంపులుగా నున్నది. "ఎవరో విడిచిన బట్ట విప్పుకొనవలసిన ఖర్మము మనకేమి పట్టినదమ్మా! అల్లుడుగారి ఉద్యోగము బాగుగనే యున్నది గదా!" అని వాపోవుదురు. కూతురు చేయునది మైలపని యని కొందరు, దరిద్రమని కొందరు, లోభమని కొందరు అనుచున్నారు. ఈ మూడు నిందలును నిలువజాలవని నేను వాదింపదలచినాను. మూడింటిలో మైల యనునదియే వేరు. తక్కిన రెండును దాని కొమ్మలు.

"ఎవరి శరీరమునకు తగిలినదో తెలియని వస్త్రమును మనమెట్లు తాకుదుము? ఇది ఆచారము కాదండీ, ఆరోగ్యము" అని నేటి చదువుకొన్నవారు చెప్పు సమాధానము. వినుటకు సొంపుగనే యున్నది. కాని ఈ మాట చెప్పిన పెద్దమనుష్యుడే హోటలులో దిగినప్పుడు నిన్న ఎవరో పరుండిన పరుపుమీద, మొన్న ఎవరో కప్పుకొన్న దుప్పటి కప్పుకొని హాయిగా నిద్రించును. రైలులో ఏసీ పెట్టెలో ఇచ్చిన కంబళిని మెడదాక లాగుకొనును. ఆ కంబళ్లను నెలకొకమారైనను ఉదుకుచున్నామని 2024లో రైల్వే మంత్రి లోకసభకు చెప్పిన సంగతి పత్రికలలో చదివియు లాగుకొనును. కుమారుని పెండ్లికి షేర్వాణీ అద్దెకు తెచ్చును. క్షౌరశాలలో నూరుమంది మెడలకు కట్టిన గుడ్డను తన మెడకు కట్టించుకొనును. అప్పుడీ మైల యెచ్చటికి పోయినది? అద్దెకు తెచ్చుకొన్న మైల మైల కాదు కాబోలు!

ఉన్నిని శుద్ధిచేయుట అసాధ్యమని శాస్త్రము కూడ చెప్పలేదు. మనుస్మృతి అయిదవ అధ్యాయములో ద్రవ్యశుద్ధి ప్రకరణము కలదు. పట్టును ఉన్నిని చౌడుమన్నుతోను, కొండమేకల బొచ్చు కంబళ్లను కుంకుడుకాయలతోను శుభ్రము చేయవచ్చునని అందు విధి యున్నది. నేటి సబ్బుపొడికి అది ఆనాటి రూపము. ఉదికినచో పోవు మురికిని ఉదికి పోగొట్టుకొనుమని చెప్పిన శాస్త్రమునకంటె, ఉదికినను పోదని చెప్పు మన నాగరికత యేమి నాగరికత?

శాస్త్రము చదివినవారు వేరొక ప్రమాణము చూపవచ్చును. దానిని దాచుట న్యాయము కాదు. ఆ గ్రంథమందే నాల్గవ అధ్యాయములో, పరులు ధరించిన చెప్పులు, వస్త్రము, జందెము, అలంకారము, పూలదండ, కమండలువు ధరింపరాదని కలదు. సరే. ఆ పట్టికలో వస్త్రము ప్రక్కనే నగయు నున్నది గదా! బ్యాంకువారు వేలమువేసిన తాకట్టు నగను కొనునప్పుడు అది యెవరి మెడలోనిదని అడిగినవాడెవడు? బంగారము కరిగించి మరల చేయింతుమందురా? ఈ ఆడపడుచులు చేయుచున్నదియు అదియే. స్వెట్టరును స్వెట్టరుగా తొడుగుకొనుట లేదు. దారమువరకు విప్పి మరల అల్లుచున్నారు. కంసాలి కొలిమిలో పునీతమైనది బంగారమైనచో, కుంకుడురసములో మునిగి యెండలో ఆరినది ఉన్ని యెందుకు కారాదు?

అసలు రహస్యము పదవ అధ్యాయములో నున్నది. శూద్రసేవకునకు ఎంగిలి అన్నము, జీర్ణవస్త్రములు, తాలుగింజలు, పాతబడిన సామగ్రి ఇయ్యవలెనని అందు విధింపబడినది. నాల్గవ అధ్యాయపు నిషేధమును పదవ అధ్యాయపు విధిని ప్రక్కప్రక్కన పెట్టి చదువుడు. ఒకే బట్ట, పైవాడు కట్టరాదు, క్రిందివాడు కట్టితీరవలెను. బట్టలో రోగమే యున్నచో అది యిద్దరికిని రోగమే. మురికి యున్నచో ఇద్దరికిని మురికియే. ఒకనికి నిషిద్ధమైనది మరియొకనికి జీతమైనప్పుడు, ఆ నిషేధము శుభ్రతను గూర్చినదని యెవరు నమ్ముదురు? విడిచిన బట్ట కట్టువాడు తక్కువవాడు అను ఒక్క భావమును కాపాడుటకే యీ మైల పుట్టినది. స్మృతిని మనము మేడమీది పెట్టెలో పెట్టి తాళము వేసితిమి గాని, ఈ భావమును మాత్రము పండుగ పండుగకు బయటికి తీయుచునే యున్నాము. సంక్రాంతినాడు పనిమనిషికి చిరుగుపట్టిన చీర యిచ్చి, ఆమె ముఖమున కృతజ్ఞత కనబడలేదని సాయంకాలము భర్తతో చెప్పుకొను గృహిణి మన వీథిలోనే యున్నది. ఆ చీరను తన కూతురు కట్టినచో ఆమెకు కన్నీరు వచ్చును. పనిమనిషి కూతురు కట్టనిచో కోపము వచ్చును.

ఈ దానముయొక్క స్వరూపము 2004 డిసెంబరు సునామీ తరువాత బట్టబయలైనది. దేశము నలుమూలలనుండి లారీలమీద పాతబట్టలు నాగపట్టణ తీరమునకు చేరినవి. ఇల్లు వాకిలి కోల్పోయిన బెస్తవారు వానిలో పెక్కింటిని ముట్టలేదు. గుట్టలు గుట్టలుగా రోడ్ల ప్రక్కన అవి పడియుండుట లోకమెల్ల చూచినది. "ఇంత కష్టములోను ఎంత గర్వము!" అని మన ఊళ్లలో ఆశ్చర్యపడినవారు కలరు. అది గర్వము కాదు. ఇచ్చినవారి మనసులోనిది పుచ్చుకొనువారు చదువగలిగిరి, అంతియే. 1921లో విదేశీవస్త్ర దహనము జరిగినప్పుడు, కాల్చుటకంటె పేదలకు పంచరాదా యని అడిగినవారికి, పేదలకును ఆత్మగౌరవము కలదనియే గాంధీ మహాత్ముడు బదులుచెప్పెను. అంశు గుప్త 1999లో స్థాపించిన గూంజ్ సంస్థ ఈ మర్మమును గ్రహించినది. పల్లెవారు తమ ఊరికి బావియో బాటయో తమ చేతులతో బాగుచేసికొన్నచో, ఆ శ్రమకు ప్రతిఫలముగా అది బట్టలనిచ్చును. బట్ట పాతదే, కాని పుచ్చుకొను చేయి క్రిందుగా నుండదు. 2015లో ఆయనకు మెగసెసే పురస్కారము వచ్చినది. పాతబట్టకు ధర కట్టిన అంగడియు ఇట్టిదే. అచ్చట దాత లేడు, యాచకుడు లేడు. ధనికుడును కూలివాడును ఒకే కొయ్యకు వ్రేలాడు బట్టలను త్రిప్పి చూచి, ఒకే వెల యిచ్చి కొనుదురు. మన పెద్దలను బాధించునది ఈ సమానతయే యని నా అనుమానము.

ఇక దరిద్రము. అమెరికాలో బోస్టను నగరమున ఎడ్గర్ హెల్మ్స్ అను మతబోధకుడు 1902లో ధనికుల ఇండ్లనుండి పాతవస్తువులు పోగుచేసి, పనిలేని పేదలచేత బాగుచేయించి, అమ్మగా వచ్చిన సొమ్మును వారికే కూలిగా నిచ్చెను. నేటి గుడ్‌విల్ అంగళ్లకు అది మొదలు. ఇంగ్లండులో రెండవ మహాయుద్ధకాలమున, 1941 జూన్ 1వ తేదీనుండి 1949వరకు, బట్టలకు కూపనులు పెట్టిరి. మొదటి యేట మనిషికి 66 కూపనులు మాత్రమే. అల్లుకొను ఉన్నికి సైతము రెండు ఔన్సులకొక కూపను ఈయవలసియుండెను. 1943లో ఆ ప్రభుత్వమే ఉన్నదానితో సరిపుచ్చుకొనుడు, చినిగినది బాగుచేసికొనుడు అని పుస్తకము వేసి పంచినది. పాత స్వెట్టరు విప్పి పిల్లలకు మరల అల్లుట ఆనాడు ఇంటింటి పని. లక్షాధికారి భార్యయు విప్పినది, గని కూలివాని భార్యయు విప్పినది. మనలను పాలించిన జాతివారు ఆపత్కాలమున దేశభక్తియని చేసిన పనిని, వారి దుస్తులను నూరేండ్లుగ అనుకరించుచున్న మనము దరిద్రమనుట చిత్రము!

మనదైన సంప్రదాయమందైనను ఇది క్రొత్తయా? పురిటింటిలో పసికందును మొట్టమొదట చుట్టునది మెత్తబడిన పాతబట్టయే. చీర చినిగినచో అవ్వ దానిని మడతలు పెట్టి బొంత కుట్టెను. ఉన్ని మనకు తెలియని వస్తువును కాదు. తెలంగాణమున కురుమలు నల్లగొఱ్ఱెల బొచ్చు వడకి నేసిన గొంగడి ఎండకు గొడుగు, వానకు కప్పు, రాత్రికి పరుపు. తండ్రి కప్పినది కొడుకు కప్పును. అది దరిద్రమని గొల్లవాడెన్నడును అనుకొనలేదు. మూడు నెలలు తొడిగి ఫ్యాషను పోయినదని మూలబెట్టిన చొక్కా ముప్పది యున్నవాడు తానే ధనికుడ ననుకొనుచున్నాడు. జీర్ణవస్త్రములను విడిచి క్రొత్తవి కట్టుటను గీతలో భగవానుడు దేహాంతరప్రాప్తికి ఉపమానముగా చెప్పెనని మనవారు దీనికి సమర్థన తెత్తురు. భగవానుడు చెప్పినది జీర్ణవస్త్రమును గూర్చి. ఫ్యాషను పోయిన బట్ట జీర్ణము కాలేదు, మనసు విసిగినది. ఆ యుపమానమునే వీరి బీరువాకు అన్వయించినచో, నిండు యౌవనములో నున్న దేహములను వారమువారము పాతిపెట్టవలసివచ్చును.

లోభమను నింద మిగిలినది. లోభి పని చేయడు, పోగుచేయును. స్వెట్టరు విప్పుట పని. దానికొక విద్య కలదు. చేయదలచినవారికి ఆ విద్య యిచ్చట చెప్పుచున్నాను.

అంగడిలో మొదట చూడవలసినది రంగు కాదు, లోపలి కుట్టు. స్వెట్టరును తిరగవేసి ప్రక్కకుట్టు చూడుడు. అంచులు నునుపుగా నుండి, రెండు ముక్కలను గొలుసుకుట్టుతో కలిపినట్లున్నచో అది ఆకారమునకు అల్లిన స్వెట్టరు. విప్పినచో దారము ఏకధారగా వచ్చును. అంచులు కత్తిరించి, చుట్టును సన్నదారముతో ఓవర్‌లాక్ కుట్టు వేసియున్నచో అది అల్లిన గుడ్డను కోసి కుట్టినది. ప్రతి వరుసయు అంచుకడ తెగియే యుండును, జానెడు మూరెడు ముక్కలు తప్ప చేతికేమియు రాదు. దానిని అచ్చటనే విడువుడు. వేడినీటిలో పడి దళసరియై గట్టిపడిన దానిని సైతము విడువుడు. ఉన్ని వెండ్రుకపై సన్నని పొలుసులుండును. వేడిమి, రాపిడి తగిలినచో అవి యొకదానికొకటి పెనవేసికొనును, మరి విడవు. ఇది ఉన్నియా, అక్రిలిక్కా యని సందేహమైనచో ఇంటికి వచ్చిన తరువాత ఒక పోగు కాల్చి చూడుడు. ఉన్ని వెండ్రుకలు కాలిన వాసన వేసి, మంట తీయగనే ఆరిపోవును. బూడిద వ్రేళ్ల నడుమ నలుగును. అక్రిలిక్ కరగి గట్టి పూసయగును.

తెచ్చినదానిని ముందు ఉదుకవలెను. బొత్తాములు తీసి దాచుడు. కాలరును, చేతులను, ప్రక్కకుట్లను సన్న కత్తెరతో విప్పి ముక్కలు వేరుచేయుడు. స్వెట్టరును సాధారణముగా క్రిందినుండి పైకి అల్లుదురు గనుక, పైనుండి క్రిందికి విప్పవలెను. అల్లిక ముగిసిన చోటనే విప్పుట మొదలగును. దారము వచ్చుచుండగా కుర్చీవీపునకు చుట్టి చిలప చేయుడు. నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీటిలో కుంకుడురసముతో నానవేయుడు, పిండి నులుమరాదు. తడి చిలపను కొయ్యకు వ్రేలాడగట్టి, అడుగున చిన్న బరువు కట్టినచో ఏండ్లతరబడి వంకరలుపోయిన దారము తిన్నబడును. సన్నని మిల్లు అల్లికయైనచో రెండు మూడు పోగులు కలిపి ఉండ చుట్టుకొనవలెను. చిమ్మెట పురుగు కొట్టినదేమో చూచి, కొట్టినచో తెగినచోట్ల ముడివేయక, కొనలను తడిపి అరచేతిలో రుద్దిన అతుకుకొనును. పెద్దవాని స్వెట్టరు ఒకటి సుమారు అరకిలో తూగును. అందులో చిన్నపిల్లవాని స్వెట్టరును, టోపీయు సునాయాసముగా వచ్చును.

ఈ విద్యకు విలువ యెంతయో తెలియగోరువారు దీనిని పానిపట్టు పనితో పోల్చి చూడవలెను. పశ్చిమదేశములు విడిచిన ఉన్నిబట్టలు ఓడలమీద మన కాండ్లా రేవునకు వచ్చి, పెక్కు పానిపట్టునకు చేరుచు వచ్చినవి. అచ్చట స్త్రీలు నేలమీద కూర్చుండి కత్తులతో బొత్తాములు, జిప్పులు కోసి, రంగురంగులుగా వేరుచేయుదురు. యంత్రములు వానిని చీల్చి పీచుచేయును. ఆ పీచు వడకి కంబళ్లు నేయుదురు. ఈ పద్ధతిని 1813లో యార్క్‌షైరులోని బాట్లీ గ్రామమున బెంజమిన్ లా కనిపెట్టెను. ఆ గుడ్డకు షాడీ యని పేరు. అమెరికా అంతర్యుద్ధములో (1861–65) గుత్తేదారులు నాసిరకపు షాడీతో సైనికులకు దుస్తులు కుట్టి యిచ్చిరి. అప్పటినుండి ఇంగ్లీషులో ఆ మాటకు నాసి పని యను అర్థము స్థిరపడినది. యంత్రము చీల్చినప్పుడు పీచు తెగి పొట్టిదగును గనుక ఆ నూలునకు బలము తగ్గును. ఆ దుమ్ము పనివారి ఊపిరితిత్తులకు పోవును. చేతితో విప్పిన దారమునకు ఈ రెండు కీడులును లేవు. దారము దారముగనే మిగులును. ఒక గృహిణి సాయంకాలము కుర్చీవీపునకు చుట్టుకొనుచున్నది యంత్రశాల చేయజాలని పనియని దీనివలన తెలియుచున్నది గదా!

ఇంతవరకు పెద్దలతో వాదించితిని. ఇక ఈ పనియందు మోజు పుట్టిన యువజనులతోను నాలుగు మాటలు చెప్పక తీరదు. చౌకయని సంచులకొలది తెచ్చి మూలబెట్టినవారు బీరువా నింపుటలో పాతమార్గమునే పట్టిరి. అంగడి మాత్రము మారినది. వెచ్చగా, చినుగక, మరియొకరు చలికి తొడుగుకొనదగియున్న స్వెట్టరును దారముకొరకు కొని విప్పుట తగదు. ఆ అంగడికి వినోదమునకు కాక అవసరమునకు వచ్చువారు కలరు. శీతకాలమున వారి చేతికి రావలసిన కోటును మన అల్లిక సరదా కాజేయరాదు. మోచేయి చినిగినది, మెడ సాగినది, మరక పోనిది — అట్టిదే విప్పుటకు తగినది. ఇంకను, పాతబట్టల అంగడి యున్నది గదా యని క్రొత్తబట్టలు తెగకొని తెగవిడుచుట మరియొక కపటము. అంగళ్లలో అమ్ముడుపోనివి మూటలు కట్టబడి ఆఫ్రికాకు పోవుచున్నవి. ఘానా దేశపు ఆక్రాలో కాంటమాంటో సంత వానికి ప్రసిద్ధము. అచ్చటివారు వానిని చచ్చిన తెల్లవాని బట్టలందురు. బ్రతికియున్నవాడు ఇంత బట్ట విడుచునని వారి భాష పుట్టినప్పుడు నమ్మజాలకపోయెను కాబోలు.

మరియొక మాట. ఈ పొదుపంతయు స్త్రీల తలమీదనే మోపినచో నేను దీనిని సంస్కారమనజాలను. మన నరసాపురపు లేసు చరిత్ర మన కనులయెదుట నున్నది. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీలు నేర్పిన ఆ పనిని స్త్రీలు ఇంటిలో కూర్చుండి చేసినందున అది పనిగనే లెక్కకు రాలేదు. తీరిక వేళల సరదా యని పేరుపెట్టి లాభము వర్తకులు తీసికొనిరి. 1982లో మరియా మీస్ ఈ సంగతిని గ్రంథస్థము చేసెను. ఉన్ని విప్పు పనియు ఆ గతినే పట్టరాదు. యార్క్‌షైరు లోయలలో ఒకప్పుడు గొఱ్ఱెలు కాయు పురుషులు నడుచుచు మేజోళ్లు అల్లిరి. వారి మగతనమునకేమియు లోటు రాలేదు. మన యింట చిలప చుట్టుటకు భర్త రెండు చేతులు చాపి కూర్చుండవచ్చును. కుట్లు విప్పుట కుమారుడు నేర్చుకొనవచ్చును. భార్య విప్పి, ఉదికి, అల్లి, భర్త దానిని నలుగురిలో తన పొదుపని చెప్పుకొనుట మాత్రము వలదు.

మనదేశమున ఏమి చేయవచ్చును? తెలుగునాట చలి లేదనువారు డిసెంబరులో ఆదిలాబాదునకో లంబసింగికో పోయి తెల్లవారుజామున బడికి నడుచు పిల్లలను చూడవలెను. మన పట్టణపు పిల్లల స్వెట్టర్లు ప్రతి రెండేండ్లకు పొట్టివై పెట్టెలలో పడియున్నవి. ప్రతి పాఠశాలలోను సంవత్సరమున కొకదినము అట్టి స్వెట్టర్ల సంత పెట్టవచ్చును. నామమాత్రపు వెల యుండవలెను, ఉచితము కారాదు. ఉపాధ్యాయుని బిడ్డయు, అధికారి బిడ్డయు మొదట కొనవలెను, అందరు చూడగ తొడుగుకొనవలెను. చినిగినవానిని పైతరగతుల బాలురును బాలికలును విప్పి అల్లుట నేర్వవలెను. ఒక సూత్రము మాత్రము తప్పరాదు: నీ బిడ్డకు తొడుగవని బట్టను సంతకు తేకుము.

విదేశమున స్వెట్టరు విప్పుచున్న కూతురిని గూర్చి సిగ్గుపడు తల్లిదండ్రులారా! ఆమె చేతిలోని బట్టలో ఎవరి చెమటయు మిగులలేదు. అది నీటితో పోయినది. మన మనసులో కులము వేసిన మరక యొకటి మిగిలియున్నది, దానిని నీరు పోగొట్టజాలదు. ఈ సారి ఆమె ఫోను చేసినప్పుడు, ఇంక నిట్టి పని చేయకుమని చెప్పుటకు మారుగా, ఎన్ని చిలపలు వచ్చినవని అడుగుడు.